వేడి చెయ్యి

అక్క పోయినాక గీత మొదటిసారి మా ఇంటికొచ్చింది, అనపకాయలు అప్పుడప్పుడే బండ్లమీదికి వస్తున్న రోజుల్లో. గీత మా చంద్రక్క కూతురు. అత్తిబెలె నుంచి యలహంకకు రావాలంటే బెంగళూరును ఈ కొన నుంచి ఆ కొనదాకా దాటాల. బస్సులు మారుకుంటా, ఒళ్లో ఒక మూట పెట్టుకుని, దానికి ఎవరి మోచెయ్యీ తగలకుండా కాపాడుకుంటా వచ్చింది. పాత నూలుచీరలో చుట్టిన మూట. విప్పకముందే నాకు తెలిసిపోయింది, ఆ గుండ్రమూ ఆ మెడా చూస్తేనే. మా అవ్వ జాడీ. కిందంతా తెలుపు, పైన తేనెరంగు, మూత అంచున ఒక పెచ్చు ఊడినది. "ఇది నీకే చిన్నమ్మా. అమ్మ ఉన్నప్పుడే చెప్పి పెట్టింది" అని వంటింటి బండమీద దించింది. లోపల ఏమీ లేదు. అయినా మూత తీసేసరికి చింతకాయ తొక్కు వాసన వచ్చింది, ఉప్పూ పసుపూ పులుపూ ఏండ్ల తరబడి కలిసి పాతబడిన వాసన. అక్క వానాకాలంలో పోయింది. ఆమె కొంగుకూ, ఆమె ఇంటి గోడలకూ ఎప్పుడూ ఉండే వాసన అది. నేను మూత పెట్టేసినాను.

గీత కాఫీ తాగింది, చిత్రాన్నం రెండు ముద్దలు తినింది, వాళ్లమ్మ సంగతులు చెప్పింది. పోతా పోతా గడపలో చెప్పులేసుకుంటా ఒక మాట అనింది. ఆ మాట ఏందో చెప్తాను గానీ, ముందు మా అవ్వనూ మా ఇంటినీ చెప్పకపోతే అది వట్టి మాటగానే పోతుంది. చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగిపోతే అత్తిబెలె దారిలో కదిలేది కష్టమని గీత పొద్దు వాలకముందే బయలుదేరింది. వీధి మలుపుదాకా పోయి చెయ్యి ఊపి వచ్చినాను. వచ్చేసరికి ఇల్లు మళ్లీ ఎప్పటి మాదిరి అయిపోయింది.

మావారు పోయినప్పటినుంచి ఈ రెండు గదుల్లో నేను ఒక్కదాన్నే. మాకు పిల్లలు కలగలేదు. మేడమీద కంప్యూటర్ ఉద్యోగాల అమ్మాయిలు బాడిగకు ఉంటారు. అందరూ మన తెలుగు పిల్లలే, కానీ మెట్లమీద చెప్పుల చప్పుడు తప్ప వాళ్ల సంగతి నాకేం తెలియదు. వాళ్ల అన్నం సంచిలో బైకుమీద వస్తుంది. నేను ఒక గ్లాసు బియ్యం కడిగితే రెండు పూటలకు వచ్చి మరునాటికి మిగులుతుంది. ఒక్కరికే వండుకునేటప్పుడు, ఉప్పు సరిపోయిందా అని అడిగేదానికి ఎవరూ ఉండరు చూడండి, నాకు అదే కష్టంగా ఉంటుంది. నాలుగు మాటలు మాట్లాడాలనిపిస్తే వీధి కొనలో బండిమీద కూరగాయలు అమ్మే మునెప్ప దగ్గరికి పోతాను. కొనేది ఒక కట్ట కొత్తిమీర, నిలబడేది అరగంట.

నేను పుట్టి పెరిగింది కూడా యలహంకలోనే, పాత ఊర్లో, పెంకుటింట్లో. మా అవ్వ, అంటే నాయిన తల్లి, హిందూపురం పక్క పల్లె నుంచి కొడుకు ఉద్యోగం వెంట వచ్చింది. రైలులో ఆ జాడీని ఒళ్లో పెట్టుకుని కూర్చునిందంట, స్టేషన్ వచ్చేదాకా కిందికి దించలేదంట. ఇంటికి నాయిన పేరు, పెత్తనం అవ్వది. తెల్లవారుతూనే నీళ్లపొయ్యిలో టెంకాయ మట్టలు ఎగదోసేది. ఆ పొగ దుప్పటి కిందికి కూడా వచ్చి మమ్మల్ని లేపేది. విమానాలు మా పెంకులమీద రాసుకున్నట్టు పోయేవి, ఎయిర్‌ఫోర్సు వాళ్లవి. మాకు అలవాటే. అవ్వకు మాత్రం చచ్చేదాకా అలవాటు కాలేదు. చప్పుడు మొదలవగానే చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి జాడీ దగ్గరికి పోయి మూతమీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకునేది. అదురుకు తొక్కు చెడిపోతుందని ఆమె భయం. అట్లా పట్టుకునే తల పైకెత్తి, కనపడని ఆ విమానాన్ని, దాన్ని తోలేవాడిని, వాడి తల్లిని తిట్టేది. చప్పుడు పూర్తిగా పోయేదాకా చెయ్యి తీసేది కాదు.

చలికాలం వచ్చిందంటే ఇల్లంతా అనపకాయలే, అదే అనపచిక్కుళ్లు. పొద్దున వలిచేది, రాత్రికి నానబెట్టేది, మరునాడు పితికేది. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నొక్కితే పప్పు తప్పించుకుని ఎగురుతుంది. మా అక్కది పోయి గోడకు తగిలేది, నాది నా ఒళ్లోనే పడేది. అనపకాయ వలిచిన చేతికి ఒక జిడ్డువాసన పట్టుకుంటుంది, సబ్బుకు కూడా పోదు. కన్నడంవాళ్లు దాన్ని సొగడు అంటారు, మేమూ అదే మాట అనేవాళ్లం. రాగిసంగటికి పిలిచేముందు అవ్వ గడపలో కూర్చుని మా చేతులు వాసన చూసేది. సొగడు లేని చేతికి పితికిపప్పు పులుసు లేదు. అక్క పని ఎగ్గొట్టి ఎక్కడో ఆడుకుని, కడాన తొక్కలకుప్పలో చేతులు రుద్దుకుని వచ్చి ముందర కూర్చునేది. అవ్వకు తెలుసు, లోలోపల నవ్వుకునేది. నాకూ తెలుసు. కానీ నేను కూడా అట్లా చేసి చూద్దామని నాకు ఒక్కనాడూ తోచలేదు.

అవ్వకు దేవుడికన్నా చేతులమీద నమ్మకం ఎక్కువ. హస్తవాసి అంటారు కదా, కన్నడంలో కైగుణ అంటారు, అవ్వ రెండింటినీ కలిపి చేతిగుణం అనేది. పెరట్లో కొత్తిమీర విత్తనం చల్లాలంటే వెనకింటి గౌరమ్మను పిలిపించేది. పాలు తోడు పెట్టేది తనే. మా అమ్మది పులుసుకు మంచి చెయ్యి, పెరుగుకు పనికిరాదు అని మేము పుట్టకముందే తీర్మానం అయిపోయింది. అమ్మ దానికి బదులు చెప్పగా నేను వినలేదు. పెరుగుగిన్నె పక్కనుంచి పోయేటప్పుడు రెండు చేతులూ కొంగులో పెట్టుకునేది. చలికి అట్లా చేస్తుందేమో అనుకునేదాన్ని నేను.

అన్నిటికన్నా పెద్ద పని చింతకాయ తొక్కు. కాయ ముదిరి, పండకముందు, గీరితే లోపల పచ్చగా ఉండేటప్పుడు దించాల. దొడ్డబళ్లాపురం రోడ్డుకు అటూ ఇటూ అప్పుడు చింతచెట్లే. కాయలు కడిగి, గుడ్డమీద ఆరబోసి, రోట్లో ఉప్పూ పసుపూ వేసి దంచేది. మూడోనాడు తీసి గింజలూ ఈనెలూ ఏరి, మళ్లీ మెత్తగా దంచి, జాడీలో చేత్తో అదిమి పెట్టి మూతికి గుడ్డ కట్టేది. ఆ చేత్తో అదిమేదే అసలు పని, మిగతాదంతా చాకిరీ అని అవ్వ లెక్క. ఆ తొక్కు ఏడాదంతా ఉండాల. వాన పట్టి అంగడికి పోలేని రోజున, సంగటి ముద్దలో గుంట చేసి, ఎండుమిరపకాయ వేసి నూరిన తొక్కు పెట్టుకుంటే ఇంకేమీ వద్దు. నోట్లో పులుపు తగిలి కళ్లు మూసుకుపోయేవి. మేమంతా ఒకేసారి కళ్లు మూసుకునేవాళ్లం, తెరిచి ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్లం.

ఒక ఏడు ఆ తొక్కుకు బూజు పట్టింది. గుడ్డ విప్పితే మీద దూది పరిచినట్టు తెల్లగా ఉంది. నడుమ వేళ్లతో తీసిన గుంటలు కూడా ఉన్నాయి. బెల్లంముక్కతో నంజుకునేదానికి నేనూ అక్కా చెరొక ముద్ద తీసుకున్నాం, దాన్ని మేము దాచలేదు కూడా. అవ్వ గుడ్డ విప్పేటప్పటికి అక్క బయట కొళాయి కాడ బిందెలు తోముతోంది. నేను పొయ్యి ముందర కూర్చుని ఊదుగొట్టంతో మంట ఊదుతున్నాను. ఇద్దరినీ పిలిచింది.

"ఇట్ల రాండే ఇద్దరూ. చేతులు చూపీండి."

నా అరచెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకునింది. "ఇదేందే ఇట్ల కాలుతాండాది" అనింది. తరువాత అక్క చెయ్యి ఆనించుకుని కళ్లు మూసుకునింది. "ఇది సూడు. ఎంత సల్లగా ఉండాదో."

అమ్మ వంటింటి మూలనుంచి చూస్తా నిలబడింది. తీర్పు అయిపోయింది. చంద్రది చల్లని చెయ్యి, రేపటినుంచి అది తనతో కూర్చుని తొక్కు పెడుతుంది. రత్నది వేడి చెయ్యి, అది తొక్కులో పడకూడదు. నా మొహం చూసి, దానికేం లేమ్మే, వేడి చెయ్యి పొయ్యి పనికి మంచిది అని నాకు ఇంకొక బెల్లంముక్క ఇచ్చింది. తిట్టి ఉంటే ఏడ్చి మరిచిపోయి ఉండేదాన్ని. ముద్దుచేసి చెప్పింది. అందుకే నిలిచిపోయింది.

అప్పటినుంచి తొక్కు రోజున నా జాగా గడప అవతల. జాడీ కడిగేది మాత్రం నేనే. బూడిదతో తోమి, వేడినీళ్లు పోసి, ఎండలో బోర్లించి, పొద్దు తిరిగేకొద్దీ దాన్నీ తిప్పి, లోపల ఎక్కడన్నా తడి ఉందేమో అని చెయ్యి పెట్టి తడిమి చూసేదాన్ని. ఖాళీ జాడీలో వేడి చెయ్యి పడితే తప్పులేదు. చివరన నిప్పుమీద ఇంగువ పలుకు వేసి, ఆ పొగ మీద జాడీని బోర్లించి, పొగ లోపలంతా పట్టినాక ఎత్తి, గడపలోపలికి అందించేదాన్ని. అక్క గాజులు ఎగదోసుకుని తయారుగా ఉండేది.

అక్క చల్లని చేతితో పెట్టినవన్నీ నిలిచినాయా అంటే, లేదు. సండిగెలు, అంటే వడియాలు, గుడ్డకు అతుక్కుపోయినాయి. ఒక ఏడు ఉసిరికాయ మెత్తబడి గుజ్జు అయిపోయింది. అట్లా అయినప్పుడు అక్క నడుముకు చేతులు పెట్టుకుని, చెడిపోయినదాన్ని ఒక్కసారి చూసి, ఉప్పుపెట్టె వైపు తిరిగేది. "ఈ ఉప్పు తేమగా ఉండాదవ్వా. కొత్త ఉప్పు తెప్పీ" అనేది. అవ్వ కూడా రెండు ఉప్పుకల్లు నలిపి చూసి అవునవును తేమగానే ఉండాది అనేది. మళ్లీ మొదలు. అదే ఉప్పు నేను పులుసులో ఒక చిటికెడు ఎక్కువ వేస్తే, దానిది వేడి చెయ్యి కదా పాపం అనేవాళ్లు. అక్కకు చెడితే ఉప్పు చెడ్డది. నాకు చెడితే నేను చెడ్డదాన్ని. ఒకే ఇంట్లో ఒకే ఉప్పు తిని పెరిగినాం ఇద్దరమూ.

ఇది తొక్కుతో ఆగి ఉంటే నేను ఇంత చెప్పేదాన్ని కాదు. వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు నేను చుక్కలు పెట్టేదాన్ని, గీతలు అక్క కలిపేది. నేను కలిపితే వంకరపోతుందని ఎవరూ అనలేదు, నాకే తెలిసిపోయినట్టు ఉండేది. బడిలో మేష్టరు బోర్డుమీద లెక్క చెయ్యమని పిలిస్తే, లెక్క తెలిసి కూడా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని. రాదా అని అడిగితే రాదనేదాన్ని. ఐదో తరగతితో నా చదువు ఆపేస్తే నేనేం అడ్డం చెప్పలేదు. అక్క అదే తరగతి తప్పింది. పేపరు తప్పు ఇచ్చినారు అని నాయినతో పోట్లాడి మళ్లీ కూర్చుని పాసయింది.

పెద్దయి గార్మెంట్స్‌కు పోయినప్పుడు కూడా అంతే. కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించే హెల్పర్ పని నాది. మా లైన్ చూసుకునే సరోజమ్మ నన్ను చూసి చూసి, ఒకరోజు మిషనుమీద కూర్చోమనింది. మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినప్పుడు కూర్చుని ఒక కాలరు కుట్టినాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి ఎక్కడ నేర్చుకున్నావే అని అడిగింది. ఏదో అట్లా పడిందిలేక్కా అన్నాను. మరునాడు అందరిలో కూర్చుంటే సూది విరిగింది. ఆ హాలులో సూది విరిగేది తుమ్ము వచ్చినంత పని, విరిగినది ఇచ్చి కొత్తది తెచ్చుకుని మళ్లీ కుడతారు. నేను లేచిపోయి నా కత్తెర తీసుకున్నాను. సరోజమ్మ వచ్చి ఏమైందంటే, నాది వేడి చెయ్యి అక్కా, మిషనుకు పడదు అన్నాను. ఆమెకు నవ్వు ఆగలేదు. మిషనుకు జ్వరం వస్తాదా ఏందే అనింది. ఎన్నిసార్లు పిలిచినా నేను మళ్లీ కూర్చోలేదు. పని మానే దినందాకా దారాలే కత్తిరించినాను. కాలరు బాగా వస్తే అదృష్టం అనుకున్నాను, సూది విరిగితే అదే నిజం అనుకున్నాను. ఎందుకు అట్లా అనుకున్నానో అప్పుడు అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

అవ్వను గురించి ఇంకొకటి కూడా చెప్పాల, లేకపోతే ఆమెకు అన్యాయం చేసినట్టు అవుతుంది. కడపటి చలికాలంలో ఆమె పాదాలు ఎంత కప్పినా చల్లబడిపోయేవి. అక్క వచ్చి పట్టబోతే, నువ్వొద్దులే, రత్నను పిలువు అనేది. నేను కూర్చుని రెండు పాదాలూ నా చేతుల్లో పెట్టుకుంటే నిద్రపోయేది. ఆ ఒక్క పనిలో నా చెయ్యికి ఎదురు లేదు. అప్పుడు ఇంటినిండా మనుషులు, ఎవరి కాలో ఎవరి తలో వెచ్చబెట్టేదానికి ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు రాత్రి పడుకునేటప్పుడు రెండు చేతులూ నా చంకల కిందే పెట్టుకుంటాను.

అక్కను అత్తిబెలెకు ఇచ్చినారు. చల్లని చెయ్యి ఉన్నచోటే జాడీ ఉండాలని అవ్వ అనేది కాబట్టి జాడీ కూడా అక్కతోనే పోయింది. బావకు పంచరు అంగడి. చెక్‌పోస్టులో నిలబడిపోయిన లారీవాళ్లు ఆకలికి దిక్కులు చూస్తుంటే అక్క చూసి, అంగడి పక్కనే పొయ్యి పెట్టి సంగటి మొదలుపెట్టింది. మొదటి దినం ఉండలు కట్టిందంట. ఈ ఊరి నీళ్లు మంచివి కాదు అని లారీవాళ్లతోనే అనిందంట. వాళ్లు అవునక్కా అని తినేసి పోయినారంట. ఆ పొయ్యే తరువాత మెస్సు అయింది. ఆమె తొక్కు కోసమే అక్కడ బండి ఆపే డ్రైవర్లు ఉండేవాళ్లు. చలికాలం రాగానే నాకు ఫోను చేసేది. రత్నా, రామ్మే, జాడీలు కడగాల అనేది. అంతే, ఇంకొక మాట ఉండదు. నేను పోయి, కడిగి ఎండబెట్టి, ఇంగువ పొగ పట్టించి, గడప అవతల నిలబడితే, అక్క లోపల కూర్చుని అదిమేది. మెస్సులో పనివాళ్లు అంతమంది ఉన్నారు, కడిగేదానికి నేనే కావాల్నా అని తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మనసు గుచ్చుకునేది. మావారికి జబ్బు చేసిన కొన్ని ఏండ్లు పోలేకపోయినాను. అక్క ఏమీ అనలేదు. ఆయన పోయినాక మళ్లీ ఫోను, మళ్లీ అదే మాట. జాడీలు కడగాల.

ఇంక గీత చెప్పింది చెప్తాను. ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది వేసుకోబోతా ఆగింది.

"చిన్నమ్మా, నువ్వు రాని ఏండ్లల్లో అమ్మ తొక్కంతా చెడిపోయేది. నీకు తెలుసునా?"

నాకేం తెలుసు అన్నాను. గీత నవ్వుతా చెప్పింది. జాడీలకు జాడీలు వెనక దిబ్బలో పారబోసేదంట, ఎవరికీ చెప్పద్దనేదంట. ఉప్పు తేమగా ఉండాది అని మళ్లీ కాయలు తెప్పించేదంట. పెట్టేది, పారబోసేది, పెట్టేది. కడాన ఒకటి నిలిస్తే, చూసినారా నా చెయ్యి అని మెస్సులో అందరికీ తిప్పి చూపించేదంట.

"మాతో మాత్రం అనేది, రత్న కడిగి పొగ పట్టించిన జాడీ అయితే ఒక్కసారికే నిలుస్తాది, నా చెయ్యికి దాని చెయ్యి తోడు ఉండాల అని."

మరి ఆ మాట నాతో ఒక్కసారన్నా ఎందుకు అనలేదు మీయమ్మ అని అడిగినాను. గీత రెండో చెప్పు వేసుకునింది.

"నీకు తెలుసునని అనుకునింది చిన్నమ్మా. తెలిసే వస్తాండావని."

ఆమె పోయినాక ఆ మాట ఇంట్లో ఉండిపోయింది. దాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. అక్క ఉంటే పోట్లాడేదాన్ని, ఏమ్మే, నోరు తెరిచి చెప్పేదానికి ఏమొచ్చింది నీకు అని. పోట్లాడేదానికి కూడా మనిషి కావాల కదా. ఊరికే కూర్చోలేక జాడీ కడిగేదానికి లేచినాను. మరునాటి పొద్దున, మంచు ఇంకా ఇడవలేదు, బయట కొళాయి కాడ కూర్చుని బూడిద లేక సబ్బుపొడితోనే తోమినాను. నీళ్లు ముల్లు మాదిరి గుచ్చుతున్నాయి. మొహానికి నురుగు చింది, తుడుచుకుందామని చెయ్యి చెంపకు ఆనించుకున్నాను. మంచుగడ్డ. నా చెయ్యి.

అవ్వ చేతులు చూసిన దినం అక్క కొళాయి కాడనుంచి వచ్చింది. నేను పొయ్యి ముందరనుంచి వచ్చినాను. అంతే. అవ్వ ఇంకొక గడియ ఆగి పిలిచి ఉంటే, నేను బిందెలకు, అక్క పొయ్యికి పోయి ఉంటే, అత్తిబెలెకు పోయేదాన్ని నేను, జాడీలు కడిగేదానికి వచ్చేది అక్క. ఇంత పెద్ద వయసు వచ్చేదాకా నాకు ఈ సంగతి తట్టలేదు. ఎట్లా తడుతుంది, నా చెయ్యిని నేను ఎప్పుడన్నా తాకి చూసుకుంటే కదా. ఏడుపు రాలేదు. నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసేదానికి చుట్టూ ఎవరన్నా ఉన్నారా అని చూసినాను. పక్కింటి గోడమీద పిల్లి ఉంది.

మునెప్పను చింతకాయలు తెప్పించమన్నాను. తొక్కు ఎవరు పెడతారక్కా, మీయక్క లేదు కదా అన్నాడు. తెప్పించప్పా ముందు అన్నాను. తెచ్చినాడు. కడిగి ఆరబోసి, చిన్న రోలు ఒకటి ఉంటే దాంట్లో కొద్దికొద్దిగా దంచినాను. చప్పుడుకు మేడమీద అమ్మాయి ఒకతి దిగి వచ్చింది, వరంగల్లు పక్కన వాళ్లది. ఏమైంది ఆంటీ, గోడ కొడుతున్నారా అని అడిగింది. చూపిస్తే, చింతకాయ తొక్కా, మా నానమ్మ చేస్తది ఆంటీ, ఇప్పుడు ఫోన్లో ఆర్డర్ పెడితే వస్తది కదా అనింది. ఒక వేలితో తీసి నాలుకమీద పెట్టుకుని కళ్లు మూసుకునింది. అట్లా ఒకరు నా ముందర కళ్లు మూసుకుని ఎన్ని ఏండ్లయిందో. ఇంకొంచెం సేపు ఉంటుందేమో అనుకున్నాను. ఫోను మోగింది, మీటింగ్ అని పైకి పరిగెత్తింది.

మూడోనాడు గింజలూ ఈనెలూ ఏరి, మళ్లీ దంచి, జాడీ ముందర కూర్చున్నాను. గడప అవతల నిలబడేదానికి ఎవరూ లేరు, లోపల కూర్చునేదానికీ నేనే. చెయ్యి పెట్టేముందు వెనక్కి తిరిగి చూసినాను, అలవాటు. తరువాత పెట్టినాను. మెత్తగా, చల్లగా ఉంది. ఎట్లా అదమాలో నాకు చేతకాదనుకున్నాను గానీ, గడప అవతలనుంచి జీవితమంతా చూసినదే కదా, చెయ్యికి తెలుసు. మూతికి గుడ్డ కట్టి మూల పెట్టినాను. ఆ మూలకు పోయినప్పుడల్లా, పరీక్ష రాసి వచ్చినదాని మాదిరి, గుడ్డ ముడి తడిమి చూసేదాన్ని.

పౌర్ణమి దాటినాక ఒకనాటి పొద్దున కాఫీలోటా పక్కన పెట్టి గుడ్డ విప్పినాను. ఒక పక్క మెడ కాడనుంచి నడుమదాకా తెల్లగా ఉంది. వాసన కూడా తిరిగిపోయింది. పక్కనే కింద కూర్చుండిపోయినాను. చెయ్యి దానంతట అదే చెంపకు పోయింది. వెచ్చగా ఉంది. లోటా పట్టుకున్న చెయ్యి కదా, వెచ్చగా కాక ఎట్లా ఉంటుంది. చాలాసేపు అట్లానే ఉన్నాను. ఇప్పుడు అవ్వ వస్తుంది, తీర్పు చెప్తుంది, బెల్లంముక్క ఇస్తుంది అన్నట్టు. ఎవరూ రాలేదు. వచ్చేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

అప్పుడు నా నోట్లోనుంచి, బయటికి, గట్టిగానే వచ్చింది.

"ఈ ఉప్పు తేమగా ఉండాది."

గొంతు అచ్చం అక్కదే. ఉప్పు నిజంగా తేమగా ఉందో లేదో నేను డబ్బా తీసి చూడలేదు. అక్క కూడా ఎప్పుడూ చూసి ఉండదు. లేచి, తొక్కంతా పారబోసి, జాడీ కడిగి ఎండకు బోర్లించి, సంచి తీసుకుని మునెప్ప బండి దగ్గరికి పోయినాను. మొన్ననే కదక్కా తీసుకుంటివి అన్నాడు. చెడిపోయింది మునెప్పా, ఉప్పు తేమగా ఉండింది అన్నాను. ఈ మంచుకు ఏ ఉప్పు నిలుస్తాదిలే అని, అడుగున మిగిలిన కాయలన్నీ నా సంచిలోకి వంచినాడు. ఈ ఏటికి ఇవే కడపటివి అన్నాడు. కొత్త కల్లుప్పు కూడా తీసుకుని వచ్చినాను.

ఈసారి జాడీని ఎండ వెంట తిప్పినాను. మొదటిసారి ఇంగువ పొగ పట్టించలేదని అప్పుడు గుర్తొచ్చింది. అక్కకు పట్టి ఇచ్చేదాన్ని గానీ నాకు నేను పట్టుకోవాలని తట్టనే లేదు. పట్టించినాను. దంచి, ఏరి, మళ్లీ దంచి, అదిమి, గుడ్డ కట్టి మూత పెట్టినాను. మూత పెట్టి లేస్తున్నాను, పైన చప్పుడు మొదలయింది. మేడ, గోడలు, గిన్నెలు అన్నీ సన్నగా అదిరినాయి. చేతులు కూడా తుడుచుకోకుండా జాడీ మూతమీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను. విమానం ఎంత దూరం పోయినా ఇంకా వినపడుతూనే ఉంది. అది పూర్తిగా పోయేదాకా చెయ్యి తీయలేదు.